ఒట్టో షాట్

ఒట్టో షాట్ (డిసెంబరు 17, 1851 - ఆగష్టు 27, 1935) జర్మనీ దేశానికి చెందిన రసాయన శాస్త్రవేత్త, గాజు సాంకేతిక నిపుణుడు, పారిశ్రామికవేత్త. ఈయన పూర్తి పేరు ఫ్రెడ్రిక్ ఒట్టో షాట్. కటకాల తయారీకి పనికివచ్చే అనేక కొత్త రకాల గాజులను, వేడికి తక్కువగా వ్యాకోచించే బోరోసిలికేట్ గాజును రూపొందించినవాడిగా ఈయన ప్రసిద్ధుడు. భౌతిక శాస్త్రవేత్త ఎర్నస్ట్ అబ్బే, సూక్ష్మదర్శినుల తయారీదారు కార్ల్ జైస్, అతని కుమారుడు రోడెరిక్ జైస్‌లతో కలిసి 1884లో యేనా నగరంలో గాజు ప్రయోగశాలను స్థాపించాడు. అదే తరువాతి కాలంలో షాట్ గాజు సంస్థగా పెరిగింది. పెద్ద దూరదర్శినుల దర్పణాలకు వాడే జెరోడూర్ అనే గాజు సిరామిక్ ఈ సంస్థ నుండి వచ్చినదే. అయితే జెరోడూర్‌ను ఒట్టో షాట్ కనుగొన్నాడని కొన్నిచోట్ల కనిపించే మాట సరికాదు. అది ఆయన మరణించిన 33 సంవత్సరాల తరువాత తయారైంది. ఆయనకు దానితో ఉన్న సంబంధం వేరే రకమైనది. అది ఈ వ్యాసంలో తరువాత వివరించబడింది.

జననం, విద్య

షాట్ 1851లో ప్రష్యా రాజ్యపు వెస్ట్‌ఫేలియా ప్రాంతంలోని విట్టెన్ పట్టణంలో జన్మించాడు. తండ్రి సైమన్ షాట్ కిటికీ అద్దాల తయారీని వృత్తిగా గల కుటుంబానికి చెందినవాడు. 1853లో విట్టెన్‌లో నెలకొల్పిన కిటికీ అద్దాల కర్మాగారంలో ఆయన భాగస్వామి. కనుక ఒట్టో కొలిమి పక్కనే పెరిగాడని చెప్పవచ్చు. ఆ రోజుల్లో గాజు తయారీ తండ్రి నుండి కొడుకుకు అందే పనితనం. ఇసుక, సోడా లేదా పొటాష్, సున్నం ఏ పాళ్ళలో కలపాలో పనివారికి అనుభవం మీద తెలిసేది. ఆ పాళ్ళలోనే ఎందుకు కలపాలో చెప్పగలవారు లేరు. గాజులో బుడగలు, చారలు, గులకరాళ్ళవంటి స్ఫటికాలు ఏర్పడితే ఆ విడత మొత్తం పారవేయడమే దిక్కు.

షాట్ ఆహెన్, వుర్ట్స్‌బర్గ్, లైప్‌జిగ్ నగరాలలో రసాయన శాస్త్రం చదివాడు. 1875లో యేనా విశ్వవిద్యాలయం నుండి డాక్టరేట్ పొందాడు. ఆయన పరిశోధనాంశం గాజు తయారీ యొక్క సిద్ధాంతం, ఆచరణ. విశ్వవిద్యాలయపు రసాయన శాస్త్రాన్ని తండ్రి కొలిమికి అన్వయించడమే ఆ పరిశోధన ఉద్దేశం. తరువాత 1877లో స్పెయిన్ దేశం వెళ్ళి, ఓవియెడో నగరంలో అయొడీన్, సురేకారం తయారుచేసే కర్మాగారం ఏర్పాటులో పాల్గొన్నాడు. కొద్దికాలానికే స్వస్థలం చేరుకుని మళ్ళీ గాజు ప్రయోగాలు మొదలుపెట్టాడు.

నాటి దృశా గాజు పరిస్థితి

షాట్ చేసిన పనిని అర్థం చేసుకోవాలంటే అప్పటి కటకాల ఇబ్బంది తెలుసుకోవాలి. ఒకే కటకం గుండా పోయిన తెల్లని కాంతిలో ఎరుపు, నీలం రంగులు వేరువేరు చోట్ల కేంద్రీకృతమవుతాయి. దీనినే వర్ణదోషం అంటారు. క్రౌన్ గాజుతో చేసిన కుంభాకార కటకాన్ని, సీసం కలిసిన ఫ్లింట్ గాజుతో చేసిన పుటాకార కటకాన్ని జతచేసి ఈ దోషాన్ని చాలావరకు తగ్గించడం 18వ శతాబ్దంలోనే తెలుసు. కాని పూర్తిగా పోదు. ఈ రెండు గాజులూ వర్ణపటంలోని ఎరుపు భాగాన్ని, నీలి భాగాన్ని ఒకే నిష్పత్తిలో విడదీయవు. అందువలన రెండు రంగులను ఒకచోట కలిపినా మూడవది పక్కకు జరుగుతుంది. సూక్ష్మదర్శినిలో వస్తువు అంచున కనిపించే పలుచని రంగు చార ఇదే.

మరొక చిక్కు కూడా ఉంది. ఆనాటి గాజులలో వక్రీభవన గుణకం పెరిగితే రంగులను విడదీసే గుణం, అంటే విక్షేపణం కూడా దానితోపాటే పెరిగేది. ఒకటి ఎక్కువగా, మరొకటి తక్కువగా ఉండే గాజు దొరికేది కాదు. జోసెఫ్ ఫ్రాన్‌హోఫర్ బవేరియాలోను, మైకేల్ ఫారడే, విలియం వెర్నన్ హార్‌కోర్ట్ ఇంగ్లాండులోను కొత్త గాజులకై శ్రమించారు. వారి ప్రయత్నాలు పరిశ్రమగా నిలదొక్కుకోలేదు.

యేనా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు, జైస్ సంస్థలో భాగస్వామి అయిన ఎర్నస్ట్ అబ్బే 1873లో సూక్ష్మదర్శిని సిద్ధాంతాన్ని ప్రతిపాదించాడు. 1876లో లండనులో జరిగిన శాస్త్ర పరికరాల ప్రదర్శనను చూసి వచ్చి రాసిన నివేదికలో, సూక్ష్మదర్శిని ఇక మెరుగుపడాలంటే అది గాజు తయారీదారుల చేతిలో ఉందని తేల్చాడు. కటకాల గణితం సిద్ధంగా ఉన్నది, దానికి తగిన గాజు లేదు. చిన్న మొత్తాలలో అమ్ముడయ్యే అటువంటి గాజు కోసం డబ్బు ఖర్చుచేయడానికి ఏ కర్మాగారం ముందుకు రాలేదు.

అబ్బేతో పరిచయం

1879 మే 27న షాట్ విట్టెన్ నుండి అబ్బేకు ఒక ఉత్తరం రాశాడు. తాను లిథియం కలిపిన గాజును తయారుచేశానని, అది చాలా తేలికైనదని, దాని దృశా ధర్మాలను పరీక్షించాలని కోరాడు. అప్పటికి వారిద్దరికీ పరిచయం లేదు. అబ్బే అందిన నమూనాలను కొలిచి చూశాడు. ఆశించిన లక్షణాలు వాటిలో లేవు. లిథియం గాజు కటకాలకు పనికిరాలేదు.

ఫలితం ఇలా ఉన్నా ఉత్తరాలు ఆగలేదు. ఒక్కొక్క మూలకాన్ని కొంచెం కొంచెంగా కలుపుతూ, దాని ప్రభావాన్ని క్రమపద్ధతిలో గమనించే రసాయనవేత్త తనకు దొరికాడని అబ్బే గ్రహించాడు. తాను తీసిన ప్రతి గాజు ముక్కను ఖచ్చితంగా కొలిచి చెప్పగల భౌతికవేత్త దొరికాడని షాట్‌కు అర్థమైంది. 1881 జనవరిలో వారు యేనాలో మొదటిసారి కలుసుకున్నారు. ఆ తరువాత షాట్ విట్టెన్‌లో కొద్ది పదుల గ్రాముల గాజును చిన్న మూసలలో కరిగించి పంపడం, అబ్బే పట్టకంతో కొలిచి ఫలితాలు తిరిగి రాయడం నిత్యకృత్యమైంది. అప్పటివరకు గాజులో సిలికాన్, సోడియం, పొటాషియం, కాల్షియం, సీసం వంటి కొద్ది మూలకాలకే చోటు ఉండేది. షాట్ బోరాన్, భాస్వరం, బేరియం, జింకు, మెగ్నీషియం, ఫ్లోరిన్ మొదలైనవాటిని వరుసగా పరీక్షించాడు. ఫ్లింట్ గాజులో బోరిక్ ఆమ్లం చేరిస్తే ఎరుపు, నీలి భాగాల నిష్పత్తి క్రౌన్ గాజుకు దగ్గరవుతుందని ఈ ప్రయోగాలలో తేలింది. వర్ణదోషంలో మిగిలిపోయిన భాగానికి విరుగుడు ఇక్కడ దొరికింది.

చిన్న మూసలో వచ్చిన గాజు పెద్ద మూసలో అలాగే రావాలన్న నియమం లేదు. కొలత పెరిగితే చారలు, బుడగలు వచ్చేవి. కనుక 1882లో షాట్ యేనాకు మకాం మార్చాడు. అక్కడ జైస్, అబ్బేల సహాయంతో ఏర్పడిన ప్రయోగశాలలో గ్యాసుతో మండే కొలిములపై కిలోగ్రాముల లెక్కన కరిగించడం ప్రారంభించాడు.

గాజు ప్రయోగశాల స్థాపన

1884లో షాట్, అబ్బే, జైస్ తండ్రీకొడుకులు కలిసి ఒక భాగస్వామ్య సంస్థను ఏర్పాటు చేశారు. దాని జర్మన్ పేరుకు షాట్, భాగస్వాముల గాజు సాంకేతిక ప్రయోగశాల అని అర్థం. ఉత్పత్తి లాభసాటి కావడానికి ముందు భరించవలసిన నష్టానికి ప్రష్యా ప్రభుత్వం 60,000 మార్కుల సహాయం అందించింది. యేనా నగరం ప్రష్యాలో లేదు. అది సాక్స్-వైమార్-ఐసెనాక్ అనే వేరొక సంస్థానంలో ఉన్నది. అయినా ప్రష్యా ఖజానా నుండి సొమ్ము వచ్చిందంటే, మేలైన దృశా గాజు కోసం ఫ్రాన్స్, ఇంగ్లాండులపై ఆధారపడటం జర్మనీకి ఎంత కష్టంగా తోచిందో ఊహించవచ్చు.

1886లో సంస్థ తన మొదటి ధరల పట్టికను ప్రచురించింది. అందులో 44 రకాల దృశా గాజులున్నాయి. వాటిలో 19 రకాలు కూర్పులో పూర్తిగా కొత్తవి. ప్రతి గాజుకు వక్రీభవన గుణకం, విక్షేపణం అంకెలలో ఇవ్వబడ్డాయి. కటకం రూపొందించేవాడు కాగితం మీద లెక్కవేసుకుని, తనకు కావలసిన గాజును సంఖ్య చెప్పి తెప్పించుకోవచ్చు. ఇది సామాన్యమైన మార్పు కాదు. అదే సంవత్సరం జైస్ సంస్థ వర్ణదోషాన్ని దాదాపుగా తొలగించిన అపోక్రొమాటిక్ సూక్ష్మదర్శిని కటకాలను విడుదల చేసింది. వీటిలో కొత్త గాజులతోపాటు ఫ్లోరైట్ స్ఫటికాన్ని కూడా ఉపయోగించారు. బేరియం క్రౌన్ గాజులలో వక్రీభవన గుణకం ఎక్కువ, విక్షేపణం తక్కువ. 1890లో పాల్ రుడాల్ఫ్ జైస్ సంస్థలో రూపొందించిన ఛాయాచిత్ర కటకానికి ఇవే ఆధారమయ్యాయి.

అన్నీ విజయాలే కాదు. పట్టికలో ఘనంగా ప్రకటించిన ఫాస్ఫేట్, బోరేట్ గాజులలో కొన్ని గాలిలోని తేమకు మసకబారసాగాయి. దృశా ధర్మాలు ఎంత బాగున్నా, కొద్ది కాలానికే మబ్బు పట్టే కటకం ఎవరికీ అక్కరలేదు. షాట్ వాటిని పట్టిక నుండి ఉపసంహరించి, తేమను తట్టుకునే కూర్పుల కోసం మళ్ళీ ప్రయత్నించవలసి వచ్చింది.

చల్లార్చే పద్ధతిని కూడా షాట్ మార్చాడు. కరిగిన గాజు త్వరగా చల్లారితే లోపల బిగువు మిగిలిపోయి, కాంతి కిరణాలను వంకరగా నడిపిస్తుంది. పెద్ద బిళ్ళలను ఉష్ణోగ్రత నియంత్రించే పరికరం అమర్చిన కొలిమిలో ఉంచి, గాజు గట్టిపడే ఉష్ణోగ్రతల మధ్య వారాల తరబడి నెమ్మదిగా చల్లార్చే మందశీతలీకరణ పద్ధతిని ఆయన ప్రవేశపెట్టాడు.

ఉష్ణమాపకపు గాజు

షాట్ దృష్టి కాంతి నుండి వేడి వైపు మళ్ళడానికి ఉష్ణమాపకం కారణమైంది. పాదరస ఉష్ణమాపకాన్ని మరిగే నీటిలో ఉంచి, వెంటనే కరిగే మంచులో పెడితే అది సున్నాకు చేరాలి. కాని అది సున్నాకు దిగువన నిలిచేది. వేడికి వ్యాకోచించిన గాజు బుడ్డి చల్లబడిన తరువాత కూడా వెంటనే పూర్వపు పరిమాణానికి రాకపోవడమే దీనికి కారణం. నాటి జర్మన్ ఉష్ణమాపకాలలో కొన్నింటిలో ఈ తేడా అర డిగ్రీ వరకు ఉండేది. వైద్యులకు, రసాయనవేత్తలకు ఇది పెద్ద తలనొప్పి.

ఒకే గాజులో సోడియం, పొటాషియం రెండూ ఉన్నప్పుడే ఈ దోషం ఎక్కువని, ఏదో ఒకటే ఉంటే చాలా తక్కువని పరిశీలనలలో తేలింది. బెర్లిన్‌లోని కొలతల ప్రమాణాల సంస్థ సహకారంతో షాట్ సోడియం మాత్రమే ఉండి, జింకు ఆక్సైడు కలిసిన గాజును తయారుచేశాడు. 16-III అనే సంకేతం గల ఈ యేనా ప్రామాణిక గాజులో తేడా డిగ్రీలో ఇరవయ్యో వంతుకు తగ్గింది. గొట్టం పొడవునా ఉండే సన్నని రంగు గీత ఈ గాజుకు గుర్తు. తరువాత వచ్చిన 59-III అనే బోరోసిలికేట్ గాజులో తేడా ఇంకా తగ్గింది.

బోరోసిలికేట్ గాజు

వెలుగుతున్న లాంతరు చిమ్నీ మీద నీటి చుక్క పడితే అది పగలడం మన ఇళ్ళలో చాలామంది చూసినదే. వేడి గాజుపై నీరు పడినచోట పైపొర ఒక్కసారిగా చల్లబడి కుంచించుకుపోతుంది. లోపలి పొర ఇంకా వ్యాకోచించే ఉంటుంది. పైపొర సాగదీయబడుతుంది. గాజు నొక్కుడును బాగా తట్టుకుంటుంది గాని సాగదీతను తట్టుకోలేదు. అందుకే చల్లని గాజును వేడి చేయడం కంటే, వేడి గాజును హఠాత్తుగా చల్లార్చడం ప్రమాదకరం.

యేనా విశ్వవిద్యాలయపు భౌతిక శాస్త్ర ఆచార్యుడు అడాల్ఫ్ వింకెల్మాన్‌తో కలిసి షాట్ దీనిని లెక్కలోకి తెచ్చాడు. 1894లో వారు ప్రచురించిన పరిశోధనలో గాజు ఉష్ణాఘాతాన్ని తట్టుకునే శక్తికి ఒక సూత్రం ఉన్నది. దాని ప్రకారం గాజు తన్యతా బలం, ఉష్ణవాహకత్వం పెరిగితే తట్టుకునే శక్తి పెరుగుతుంది. వ్యాకోచ గుణకం, స్థితిస్థాపక గుణకం, విశిష్టోష్ణం, సాంద్రత పెరిగితే తగ్గుతుంది. వీటన్నిటిలో కూర్పు మార్చి ఎక్కువగా మార్చగలిగేది వ్యాకోచ గుణకాన్నే. గాజులోని ఒక్కొక్క ఆక్సైడుకు ఒక అంకెను కేటాయించి, వాటి పాళ్ళను బట్టి గాజు వ్యాకోచాన్ని ముందుగానే అంచనా వేసే పద్ధతిని కూడా వీరు రూపొందించారు. ఇది స్థూలమైన లెక్కే. అన్ని గాజులకూ సరిపోదు. అయినా గాజును కరిగించకముందే దాని గుణాన్ని అంకెలలో చెప్పే ప్రయత్నంగా దానికి ప్రాముఖ్యత ఉన్నది.

క్షార లోహాల ఆక్సైడులు తగ్గించి సిలికా పాలు పెంచితే వ్యాకోచం తగ్గుతుంది. కాని గాజు కొలిమిలో కరగడం కష్టమవుతుంది. బోరిక్ ఆక్సైడు కలిపితే వ్యాకోచం పెద్దగా పెరగకుండానే కరగడం సులువవుతుంది. ఈ మార్గంలో 1887 - 1893 మధ్య షాట్ బోరోసిలికేట్ గాజును అభివృద్ధి చేశాడు. నేడు ప్రయోగశాలలలో వాడే బోరోసిలికేట్ గాజులో సుమారు 80 శాతం సిలికా, 13 శాతం బోరిక్ ఆక్సైడు, 4 శాతం క్షార ఆక్సైడులు ఉంటాయి. మీటరు పొడవు గల మామూలు గాజు ఒక డిగ్రీ సెల్సియస్‌కు సుమారు 9 మైక్రాన్లు పెరిగితే, ఇది 3.3 మైక్రాన్లు మాత్రమే పెరుగుతుంది. మన కళాశాలల రసాయన ప్రయోగశాలలలో బర్నరు మీద పెట్టే బీకర్లు, ఫ్లాస్కులు ఈ జాతివే.

సంస్థకు సిరులు తెచ్చింది మాత్రం దీపపు గొట్టం. కార్ల్ ఆవర్ ఫాన్ వెల్స్‌బాక్ కనుగొన్న మాంటిల్ దీపాలు 1890లలో ఐరోపా వీధులలోను, ఇళ్ళలోను వ్యాపించాయి. మన పెళ్ళి ఊరేగింపులలో వెలిగిన పెట్రోమాక్స్ దీపంలోని మాంటిల్ దీని సంతతే. ఆ మంట వేడికి మామూలు గాజు గొట్టాలు పగిలేవి. యేనా గొట్టాలు వాననీరు పడినా నిలిచాయి. శాస్త్ర పరిశోధనకు పనికివచ్చే గాజు కొద్దిగానే అమ్ముడుపోతుంది. వీధి దీపాల గొట్టాలు లక్షలలో అమ్ముడుపోతాయి. మొదటిదానికి అయ్యే ఖర్చును రెండవది మోసింది.

1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలై యేనా గాజు ఎగుమతి ఆగిపోగా, ఇంగ్లాండు, అమెరికాలలోని ప్రయోగశాలలకు, కటకాల కర్మాగారాలకు గాజు కరువు వచ్చింది. ఆ దేశాలు స్వంతంగా దృశా గాజు తయారీని విస్తరించాయి. అమెరికాలో కార్నింగ్ సంస్థ 1915లో పైరెక్స్ పేరుతో తన బోరోసిలికేట్ పాత్రలను విడుదల చేసింది.

సంస్థ యాజమాన్యం, చివరి సంవత్సరాలు

1889లో అబ్బే తన మిత్రుడి పేరిట కార్ల్ జైస్ ఫౌండేషన్‌ను స్థాపించి, 1891లో తన వాటాలను దానికి అప్పగించాడు. షాట్ అప్పుడే అలా చేయలేదు. భాగస్వామిగా కొనసాగుతూ సంస్థను నడిపాడు. అబ్బే 1905లో మరణించాడు. యుద్ధానంతరం 1919లో షాట్ కూడా తన వాటాలను ఫౌండేషన్‌కు బదిలీ చేశాడు. తాను పెంచిన కర్మాగారానికి దానితో యజమాని కాకుండా పోయాడు. 1926లో నిర్వహణ బాధ్యతల నుండి విరమించాడు. కుమారుడు ఎరిక్ షాట్ ఆ బాధ్యతలు స్వీకరించాడు. ఒట్టో షాట్ 1935 ఆగష్టు 27న తన 83వ ఏట యేనాలో మరణించాడు.

1945 జూన్‌లో యేనాను సోవియట్ సేనలకు అప్పగించే ముందు అమెరికా సైన్యం ఎరిక్ షాట్‌తో సహా 41 మంది నిపుణులను పశ్చిమ ప్రాంతానికి తరలించింది. వారు 1952లో మైన్జ్ నగరంలో కొత్త కర్మాగారం ప్రారంభించారు. యేనాలోని పాత కర్మాగారం 1948లో తూర్పు ప్రాంతంలో జాతీయం చేయబడింది. జర్మనీ ఏకీకరణ తరువాత 1990లలో అది తిరిగి మైన్జ్ సంస్థలో కలిసింది.

జెరోడూర్

పెద్ద దూరదర్శిని దర్పణం ఆకారం కాంతి తరంగదైర్ఘ్యంలో చిన్న భాగానికి మించి మారకూడదు. కాంతి తరంగదైర్ఘ్యం సుమారు అర మైక్రాన్. రాత్రి గాలి చల్లబడుతుంటే దర్పణం అసమానంగా కుంచించుకుపోయి నక్షత్ర బింబం చెదురుతుంది. 1948లో ప్రారంభించిన పాలోమార్ వేధశాల 5 మీటర్ల దర్పణానికి పైరెక్స్‌ను ఎంచుకోవడానికి కారణం దాని తక్కువ వ్యాకోచమే. కాని బోరోసిలికేట్ వ్యాకోచాన్ని తగ్గిస్తుంది గాని తొలగించదు.

తొలగించే మార్గం స్ఫటికాల నుండి వచ్చింది. 1953లో కార్నింగ్ సంస్థలో డొనాల్డ్ స్టూకీ ఒక లిథియం గాజు ముక్కను కొలిమిలో పెట్టగా, నియంత్రణ పరికరం చెడి ఉష్ణోగ్రత అనుకున్నదానికంటే 300 డిగ్రీలు ఎక్కువైంది. గాజు కరిగి పారలేదు. తెల్లని గట్టి పదార్థంగా మారింది. గాజులో సూక్ష్మ స్ఫటికాలు ఒకేసారి కోట్లాదిగా పుట్టడం వలన ఇది జరిగింది. ఇటువంటి పదార్థాలనే గాజు సిరామిక్కులు అంటారు. విట్టెన్‌లో సైమన్ షాట్ తరంవారికి గాజులో స్ఫటికం కనిపించడమంటే సరుకు పాడైనట్లే. ఇక్కడ అదే కావలసిన గుణమైంది.

1968లో మైన్జ్‌లో షాట్ సంస్థ తయారుచేసిన జెరోడూర్‌లో లిథియం, అల్యూమినియం, సిలికాన్ ఆక్సైడులు ప్రధానమైనవి. ముందు దీనిని మామూలు గాజువలె కరిగించి పోతపోసి, నెమ్మదిగా చల్లారుస్తారు. తిరిగి అదుపులో వేడిచేసినప్పుడు టైటానియం, జిర్కోనియం ఆక్సైడులు బీజాలుగా పనిచేసి 30 నుండి 50 నానోమీటర్ల స్ఫటికాలు ఏర్పడతాయి. బరువులో 70 నుండి 78 శాతం ఇవే. ఈ స్ఫటికాలు వేడికి కుంచించుకుంటాయి. వాటి మధ్య మిగిలిన గాజు వ్యాకోచిస్తుంది. పాళ్ళు సరిగా కుదిరితే ఒకదానినొకటి రద్దుచేసుకుంటాయి. మేలైన రకాలలో మీటరు పొడవుకు ఒక డిగ్రీకి వచ్చే మార్పు 0.007 మైక్రాన్లకు మించదు. స్ఫటికాలు కాంతి తరంగదైర్ఘ్యం కంటే ఎంతో చిన్నవి కనుక ఈ పదార్థం పారదర్శకంగానే ఉంటుంది. లేత పసుపు ఛాయ మాత్రం కనిపిస్తుంది.

హైడెల్‌బర్గ్‌లోని మాక్స్ ప్లాంక్ ఖగోళ శాస్త్ర సంస్థకు ఒకప్పుడు చెందిన, స్పెయిన్‌లోని కాలార్ ఆల్టో పర్వతంపై ఉన్న 3.5 మీటర్ల దూరదర్శిని దర్పణం దీనితో తయారైంది. హవాయి దీవులలోని కెక్ దూరదర్శినుల షట్కోణాకార దర్పణ ఖండాలు, చిలీలోని నాలుగు 8.2 మీటర్ల దర్పణాలు, 1999లో అంతరిక్షంలోకి పంపిన చంద్ర ఎక్స్-కిరణ దూరదర్శిని దర్పణాలు కూడా జెరోడూర్‌తో చేసినవే. విమానాల దిశను తెలిపే లేజర్ గైరోస్కోపులలోను, సూక్ష్మ విద్యుత్ వలయాలను ముద్రించే యంత్రాలలోను దీని వాడకం ఉన్నది.

ఒట్టో షాట్ అబ్బేకు పంపిన మొదటి నమూనాలోని మూలకం లిథియం. కటకాలకు అది పనికిరాదని 1879లో తేలింది. జెరోడూర్ స్ఫటికాలకు వేడికి కుంచించుకునే గుణం ఆ లిథియం చేరిక వలననే వచ్చింది. దీనిని షాట్ ఊహించాడనడానికి ఆధారం లేదు.

యేనా విశ్వవిద్యాలయంలోని పదార్థ పరిశోధన సంస్థకు ఒట్టో షాట్ పేరు పెట్టారు. గాజు, సిరామిక్ రంగాలలో పరిశోధనకు ఆయన పేరిట 1991 నుండి ఒక పురస్కారం ఇవ్వడం మొదలైంది.